డివైస్ ట్రీ, క్లాకులు, మా మామయ్య రొయ్యల గుంట

నేనేం పని చేస్తానని ఊళ్ళో ఎవరైనా అడిగితే మా నాయన చెప్పే జవాబు ఒకటే: "గడియారాల పని". తప్పు నాదే లెండి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అడిగితే క్లాక్ డ్రైవర్లు రాస్తానని చెప్పా. అప్పట్నుంచీ అల్లూరులో సగం మందికి నేను హైదరాబాదులో గడియారాలు బాగుచేసే మనిషిని. పోయిన సంక్రాంతికి పక్కింటి తాత తన పాత హెచ్ఎంటీ వాచీ తెచ్చి "ఆగిపోయింది, చూడరా అబ్బయా" అని చేతిలో పెట్టాడు కూడా. (కీ ఇచ్చే రకం. నావల్ల కాలేదు.)

నేను చూసే క్లాకు టైము చెప్పదు. చిప్పులో ప్రతి భాగానికీ, అంటే సీరియల్ పోర్టుకి, ఎస్‌డీ కార్డుకి, తెరకి, ప్రాసెసర్‌కి, ఒక తాళం కావాలి. ఆ తాళం ఆగితే ఆ భాగం ఎక్కడిదక్కడ కొయ్యబారిపోతుంది. బోర్డు మీద ఉండే చిన్న క్రిస్టల్ దగ్గర ఇదంతా మొదలవుతుంది. అది 24 మెగాహెర్ట్జ్ ఇస్తుందనుకోండి. పీఎల్ఎల్ అనేది దాన్ని 50 రెట్లు చేసి 1200కి తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి ఒక డివైడర్ 12తో భాగించి 100 చేస్తుంది. ఇంకోచోట మక్స్ ఉంటుంది, రెండుమూడు దారుల్లో ఏదో ఒకటి ఎంచుకోడానికి. చివర్లో గేటు: తెరిస్తే తాళం పోతుంది, మూస్తే ఆగుతుంది. ఇవన్నీ ఒకచోట కూర్చి ఉన్న హార్డ్‌వేర్ ముక్కే క్లాక్ కంట్రోలర్. ఈరోజుల్లో ఫోన్లలోకి వెళ్ళే ఒక్క చిప్పులో ఇలాంటి క్లాకులు వందల్లో ఉంటాయి.

మా వైపు వాళ్ళకి దీన్ని చెప్పడం నిజానికి చాలా తేలిక. పెన్న నీళ్ళు సోమశిలలో ఆగి, సంగం దగ్గర కాలువల్లోకి మళ్ళుతాయి (పాత ఆనకట్ట ఉండే చోట 2022లో కొత్త బ్యారేజీ తెరిచారు). పెద్ద కాలువ, పిల్ల కాలువ, చెరువు, తూము, ఆఖరికి పొలం. ఎక్కడ ఎంత వదలాలో, ఏ షట్టరు ఎప్పుడు దించాలో చూసుకోడానికి లష్కర్లుంటారు. పొలం రైతుకి సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయో లెక్కతో పనిలేదు, తన తూము తెరిచుందా లేదా అన్నదే కావాలి. సీరియల్ పోర్టు డ్రైవరు కూడా అంతే. దానికి పీఎల్ఎల్ గొడవ అక్కర్లేదు. "నా క్లాకు తెరువు, ఎంత వేగంతో వస్తోందో చెప్పు" అంటుంది. ఆ మాట వినే లష్కరే కెర్నెల్‌లోని కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్.

సరే, మరి ఏ పొలానికి ఏ తూమో లష్కరుకి ఎలా తెలుస్తుంది? పీసీలో అయితే పీసీఐ కార్డులు తమ గురించి తామే చెప్పుకుంటాయి, ఏసీపీఐ ఉంటుంది. ఏఆర్ఎమ్ చిప్పుల్లో చాలా భాగాలు నోరు విప్పవు. ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆ రాత పేరే డివైస్ ట్రీ. ఇది కొత్తదేం కాదు, 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణం ఐఈఈఈ 1275 నుంచి వచ్చింది. సన్ యంత్రాల్లో, పవర్‌పీసీ యంత్రాల్లో అప్పటికే వాడేవాళ్ళు. ఏఆర్ఎమ్ వైపు మాత్రం ఒక్కో బోర్డుకీ ఒక్కో సీ ఫైలు, ఒక్కో చిప్పు కుటుంబానికీ సొంత క్లాకు కోడు. పిలిచే ఫంక్షన్ల పేర్లు అందరివీ ఒకటే, లోపల మాత్రం ఎవరి వంట వాళ్ళది. అందుకే రెండు కంపెనీల చిప్పుల మీద ఒకే కెర్నెల్ బూట్ చేయడం కుదిరేది కాదు. 2011 మార్చిలో లైనస్ టోర్వాల్డ్స్‌కి ఈ ఏఆర్ఎమ్ గందరగోళం మీద ఓపిక నశించి అందరినీ కడిగేశాడు. ఆ తర్వాతే ఏఆర్ఎమ్ జనం డివైస్ ట్రీ బాట గట్టిగా పట్టారు. 2012 మేలో వచ్చిన లైనక్స్ 3.4లో మైక్ టర్కెట్ రాసిన కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ చేరింది. క్లాకుల్ని డివైస్ ట్రీలో ఎలా రాయాలన్న పద్ధతి కూడా ఆ దరిదాపుల్లోనే వచ్చింది.

చరిత్ర చాలు. అసలు నేను రాయాలనుకున్నది పోయిన వేసవి సంగతి.

మా మామయ్యకి ఇసకపల్లి వైపు రొయ్యల గుంటలున్నాయి. వనామీ. రొయ్యల సాగులో రాత్రి పూట భయమంతా ఆక్సిజన్ గురించే. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడితే అదే నాచు తిరిగి ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లవారుజాముకి డీఓ బాగా అడుగంటుతుంది. 4 పీపీఎం పైన ఉంచాలంటారు. ఇంకా కిందికి జారితే రొయ్యలు పైకొచ్చి గట్ల వెంబడి తేలతాయి. అప్పుడు ఏరియేటర్లు తిప్పకపోతే నాలుగు నెలల కష్టం నాలుగు గంటల్లో పోతుంది. అలాగని రాత్రంతా తిప్పితే కరెంటు బిల్లు, కరెంటు పోతే డీజిలు.

అందుకని నేనొక పెట్టె చేసిచ్చా. చౌకలో దొరికే ఒక బోర్డు (పేరెందుకులెండి), దాని సీరియల్ పోర్టుకి ఆర్ఎస్485 మీద డీఓ సెన్సరు, ఒక 4జీ మోడెం, సోలార్ పలక, బ్యాటరీ. సాయంత్రం ఎనిమిది నుంచి తెల్లారేదాకా పది నిమిషాలకోసారి కొలుస్తుంది. డీఓ పడితే మామయ్య ఫోన్ మోగుతుంది. ఒక పంట బాగానే నడిచింది. బోర్డు అమ్మినవాళ్ళు ఇచ్చిన పాత కెర్నెల్ మీద మోడెం ఊరికే ఊడిపోతోందని, నేను శ్రద్ధగా మెయిన్‌లైన్ కెర్నెల్ పెట్టా. ఆ చిప్పుకి మెయిన్‌లైన్‌లో మొదటి సీరియల్ పోర్టు వివరం మాత్రమే ఉంది, మూడోది లేదు. అమ్మినవాళ్ళ డివైస్ ట్రీ తెరిచి, అందులో ఉన్న మూడో పోర్టు నోడ్‌ని అలాగే దించేశా. ఒక్క క్లాకు రాసుంది అందులో. నేనూ ఒక్కటే రాశా.

హైదరాబాదులో టేబుల్ మీద రెండ్రోజులు తిప్పా, ఏ ఇబ్బందీ రాలేదు. ఆదివారం ఊరెళ్ళి మధ్యాహ్నం కార్డు మార్చా, బూటయింది, లాగిన్ వచ్చింది, మోడెం కలిసింది. సంతోషంగా నెల్లూరులో సాయంత్రం బండెక్కేశా.

రాత్రి ఎనిమిదికి సెన్సర్ ప్రోగ్రాం మొదలై సీరియల్ పోర్టు తెరవగానే బోర్డు మొత్తం బిగుసుకుపోయింది. వాచ్‌డాగ్ లేదా అంటారేమో. ఉంది. అది రీబూట్ చేసింది. ప్రోగ్రాం మళ్ళీ పోర్టు తెరిచింది, మళ్ళీ బిగుసుకుంది. రాత్రంతా అదే పని. డేటా రాకపోయినా ఫోన్ మోగాలన్న ఆలోచన నాకు అప్పటిదాకా తట్టకపోవడం ఇంకో సిగ్గు. మూడింటప్పుడు కాపలా మనిషి టార్చి వేస్తే ఒక గుంటలో రొయ్యలు గట్టు వెంబడి తేలుతున్నాయట. ఇంజను తిప్పి ఏరియేటర్లు వేశారు. తెల్లారాక చచ్చినవి రెండు గంపలు ఎత్తారు. మిగతావి బతికాయి.

పొద్దున్నే ఫోను. "ఏంది అల్లుడూ, నీ పెట్టె రాత్రంతా ఒక్కసారన్నా పలకలా?"

"తప్పు నాదే మామా, వచ్చి చూస్తా."

"నీ ఒక్కడిదే ఏముందిలే. పెట్టె ఉందిగదా అని నేను రెండింటికి లేవలా. నాదీ ఉండాది."

తిట్టుంటే బాగుండేదనిపించింది.

పెట్టెని తెప్పించి కన్సోల్ తగిలిస్తే విషయం అర్ధగంటలో దొరికింది. ఆ సీరియల్ పోర్టుకి రెండు క్లాకులు. ఒకటి బాడ్ క్లాకు, అక్షరాలు పంపే వేగం దీని నుంచి వస్తుంది. రెండోది బస్ క్లాకు, ప్రాసెసర్ ఆ పోర్టు రిజిస్టర్లు చదవాలంటే ఇది నడుస్తుండాలి. రెండోదాన్ని నేను రాయలేదు. చిప్పు ఆన్ కాగానే ఆ గేటు తెరిచే ఉంటుంది కాబట్టి బూట్ సమయంలో అంతా సవ్యంగా కనిపిస్తుంది. కానీ బూట్ చివర్లో కెర్నెల్ ఒక పని చేస్తుంది: ఎవరూ అడగని క్లాకులన్నిటినీ మూసేస్తుంది. ఇటీవలి కెర్నెళ్ళలో అయితే ఆ సంగతి చెబుతూ ఒక లైను కూడా ముద్రిస్తుంది. ఇందులో దాని తప్పేం లేదు. పటంలో ఆ తూము కింద ఏ పొలమూ లేదు, లష్కరు షట్టరు దించేశాడు. తర్వాత ప్రాసెసర్ వెళ్ళి ఆ రిజిస్టరు చదవబోతే అవతలినుంచి జవాబు రాదు, ఆ చిప్పులో బస్ అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

మరి టేబుల్ మీద ఎలా పనిచేసింది? బోర్డు మొదట లేపేటప్పుడు, వాడని క్లాకుల్ని మూయొద్దని కెర్నెల్‌కి చెప్పే బూట్ ఆప్షన్, క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్ అనేది, పెట్టుకున్నా. ఊరికి తీసుకెళ్ళే కార్డులో "శుభ్రంగా ఉండాలి" అని తీసేశా. ఆ శుభ్రత ఖరీదు రెండు గంపలు. ఇక అమ్మినవాళ్ళ కెర్నెల్ ఒక్క క్లాకుతోనే ఎలా నడిచిందంటే, వాళ్ళు ఆ బస్ గేటుని ఎప్పటికీ మూయకూడని జాబితాలో పెట్టి సీ కోడులో పాతేశారు. పని జరిగింది, డివైస్ ట్రీలో మాత్రం ఆ తీగ లేదు.

నా గోల ఇక్కడే. డివైస్ ట్రీ హార్డ్‌వేర్‌ని చెప్పాలి. ఈరోజు మన డ్రైవరుకి ఏది సరిపోతుందో దాన్ని కాదు. డేటాషీటులో ఆ భాగానికి రెండు క్లాకు తీగలు వెళ్తుంటే రెండూ రాయాలి, డ్రైవరు రెండోదాన్ని చూసినా చూడకపోయినా. "ఇప్పుడు పనిచేస్తోందిగా" అనేది కారణం కాదు. పనిచేయడానికి ఇంకెక్కడో ఎవరో తెరిచిపెట్టిన గేటు కారణమై ఉండొచ్చు. నాలాంటివాడు ఆ నోడ్‌ని దించుకుని పోయినప్పుడు, తెరిచిపెట్టిన గేటు వాడి వెంట రాదు కదా.

"దీనికింత గోలెందుకు, స్కీమా చెకింగ్ ఉందిగా" అని ఆఫీసులో ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, కొన్నేళ్ళుగా బైండింగులు యామల్‌లో రాస్తున్నారు, డీటీబీ చెక్ నడిపితే చాలా తప్పులు పట్టిస్తుంది. ఇది మాత్రం పట్టించదు. డిజైన్‌వేర్ రకం సీరియల్ పోర్టు బైండింగ్ చూడండి: క్లాకులు ఒకటైనా ఉండొచ్చు, రెండైనా ఉండొచ్చు అని ఉంటుంది. ఎందుకంటే అదే పోర్టుని రకరకాల చిప్పుల్లో రకరకాలుగా కలిపారు, కొన్నింట్లో బస్ క్లాకుకి విడిగా గేటే ఉండదు. మీ చిప్పులో ఉందో లేదో స్కీమాకెలా తెలుస్తుంది? చిప్పు మాన్యువల్ తెరిచి, క్లాకు బొమ్మ ఉన్న పేజీ మీద వేలు పెట్టి చూసినవాడికే తెలుస్తుంది. నేను ఆ పేజీ తెరవలేదు. నకలు కొట్టా.

అలాగని కనబడిందల్లా డివైస్ ట్రీలో కుక్కమని కూడా నేననను. ఒకప్పుడు ఆ పొరపాటూ జరిగింది. ఆల్‌విన్నర్ చిప్పులకి మొదట్లో ఒక్కో గేటుకి, ఒక్కో మక్స్‌కి, ఒక్కో పీఎల్ఎల్‌కి విడివిడిగా నోడ్లు రాశారు. రిజిస్టరులో ఏ బిట్టు దేనికన్నది డివైస్ ట్రీలోకి ఎక్కిపోయింది. అందులో ఒక తప్పు దొరికితే డ్రైవరు దిద్దితే సరిపోదు, చెట్టునే దిద్దాలి. 2016లో వాళ్ళు ఆ పద్ధతి వదిలి, మొత్తం క్లాక్ కంట్రోలర్‌కి ఒకే నోడ్ పెట్టి, లోపలి సంగతులన్నీ డ్రైవరులోకి మార్చారు. క్వాల్‌కామ్, రాక్‌చిప్, ఎక్సినోస్ అన్నీ ఈ దారే. టీఐ ఓమాప్ కుటుంబంలో మాత్రం విడి నోడ్ల పద్ధతి చాలాకాలం నడిచింది.

నాకు ఒకే నోడ్ పద్ధతే సబబనిపిస్తుంది. పటంలో ఏ తూము ఏ పొలానికో ఉండాలి. షట్టరు లోపల పళ్ళచక్రం ఎన్ని చుట్లు తిరగాలో పటంలో రాయం, అది లష్కరు ఎరిగుంటే చాలు. కంట్రోలర్ నోడ్‌లో రాసేది కొంచెమే: దాని చిరునామా ఎక్కడ, దానికి బయటినుంచి వచ్చే క్రిస్టళ్ళు ఏవి, ఒక్కో క్లాకుని పిలవడానికి ఎన్ని అంకెలు కావాలి. ఈ మూడోదాన్ని క్లాక్ సెల్స్ అంటారు, ఒకే క్లాకు ఇచ్చేదైతే సున్నా, పెక్కు ఇచ్చేదైతే సాధారణంగా ఒకటి. వాడుకునే నోడ్‌లో "ఫలానా కంట్రోలర్, 45వ క్లాకు" అని రాస్తాం, పక్కన దాని పేరు.

బోర్డు మీది క్రిస్టల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని ఏ రిజిస్టరూ చెప్పదు, మనం రాసిందే వేదం. రాసింది 24 మెగాహెర్ట్జ్, బోర్డు మీద అతికించింది 25 అయితే, 9600 అనుకున్న బాడ్ వేగం 10016 అవుతుంది. 4 శాతం పైన తేడా. అవతల సెన్సరుకి అక్షరం ముక్క అర్థం కాదు. కెర్నెల్ మాత్రం అంతా సవ్యంగా ఉందనే నమ్ముతూ ఉంటుంది.

ఇక ఆ "45వ క్లాకు" అన్న అంకె. అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే, నాకు భయం కూడా దీన్ని చూస్తేనే. డ్రైవరు రాసేవాడికి అది ఒక హెడర్ ఫైలులో వరస నంబరు. మధ్యలో కొత్త క్లాకు ఇరికిస్తే తర్వాతవన్నీ ఒకటి జరుగుతాయి, కంపైల్ చేస్తే ఏ గొడవా రాదు. కానీ జనం చేతుల్లో ఉన్న బోర్డుల్లో పాత డీటీబీలుంటాయి. వాటిలో 45 అంటే పాత 45. కొత్త కెర్నెల్‌లో అది ఇంకెవరి గేటో. పాత డీటీబీతో కొత్త కెర్నెల్ నడవాలన్నది కెర్నెల్ వాళ్ళు పెట్టుకున్న నియమం, అందుకే కొత్త అంకెలు చివర్లోనే చేర్చాలంటారు. మనవాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. పొలం రెండు ముక్కలైతే 112/1, 112/2 అవుతుంది గానీ 113 జరిగి 114 కాదు. దస్తావేజులు, పాసుపుస్తకాలు, బ్యాంకు తనఖాలు, కోర్టు కాగితాలు అన్నీ ఆ నంబరు మీదే నిలబడి ఉంటాయి కాబట్టి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొలత మెరుగయి ఉండొచ్చు, అది వేరే చర్చ. పాత కాగితంలోని నంబరు కొత్త రికార్డులో ఎక్కడుందో వెతుక్కునే రైతులు మాత్రం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. అంకె మార్చే చేతికి, పాత కాగితం పట్టుకున్న చేయి కనపడదు.

ఇంకో వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. నేనే రోజూ వింటా. "చిప్పు మార్కెట్లోకి పోవాలి, గడువు దగ్గరపడింది, ఆ గేటుని క్రిటికల్ అని గుర్తుపెట్టి వదిలెయ్, ఎవడికి నష్టం?" నిజంగానే ఆపకూడని క్లాకులుంటాయి, మెమొరీది, కొన్ని బస్సులవి. వాటికి ఆ గుర్తు సరైందే. కానీ బద్ధకానికి ఆ గుర్తు తగిలిస్తే రెండు జరుగుతాయి. ఒకటి కరెంటు. ఒక్క గేటుకి పోయేది కొంచెమే, వీడియో, తెర, కెమెరా అన్నీ అలా తెరిచి వదిలితే సోలార్ పలక మీద బతికే పెట్టెకి తేడా తెలుస్తుంది. రెండోది నా కథే: ఆ తీగ ఎక్కడుందన్న జ్ఞానం మీ కోడులో ఒక మూల ఇరుక్కుపోయి, పటంలోకి రాదు. బూట్ ఆప్షన్ కూడా అంతే. అది బోర్డు లేపేటప్పుడు వాడుకోడానికని, డ్రైవర్లు సరిగ్గా ఉన్నచోట దాని అవసరం ఉండకూడదని కెర్నెల్ డాక్యుమెంట్లే చెబుతాయి. దాన్ని పెట్టుకునే సామాను అమ్మేవాళ్ళని ఎరుగుదును. పేర్లు అడక్కండి :)

ఇదంతా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, క్వాల్‌కామ్ క్లాకు డ్రైవర్ల మార్పులు పంపేవాళ్ళలో తెలుగు పేర్లు చూస్తుంటా. హైదరాబాదులో, బెంగుళూరులో ఈ పని చేసేవాళ్ళు మనలో బోలెడుమంది. కాలేజీలో మైక్రోప్రాసెసర్ పాఠంలో క్లాకు అంటే బొమ్మలో ఒక చదరపు అల గీసి వదిలేశారు. అదెక్కణ్ణుంచి వస్తుందో, ఎవరు ఆపుతారో ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక కూడా పక్క చిప్పు ఫైలు ఇచ్చి "దీన్ని చూసి రాసెయ్" అంటారు. నేనూ అలాగే నేర్చుకున్నా. అందుకే ముందు మాన్యువల్లో క్లాకు బొమ్మ ఉన్న పేజీ తెరవండి, ఆ తర్వాతే పక్క చిప్పు ఫైలు.

నా మార్పు చివరికి రెండే లైన్లు. క్లాకుల వరసలో రెండోది, పేర్ల వరసలో రెండోది. ఆ మూడో పోర్టు నోడ్‌ని మెయిన్‌లైన్‌కి పంపా. మొదటి దఫాలో, బస్ క్లాకు ఈ చిప్పులో నిజంగా విడిగా ఉందా, మాన్యువల్లో ఎక్కడుందో చెప్పమని సమీక్షలో అడిగారు. చిరాకేయలేదు, పేజీ నంబరు ఇచ్చా. పెట్టెలో ఇప్పుడు అరగంట డేటా రాకపోయినా ఫోన్ మోగుతుంది. టేబుల్ మీద పరీక్షించిన కార్డే, ఒక్క అక్షరం మార్చకుండా, గుంట దగ్గరికి వెళ్తుంది.

మామయ్య మాత్రం మళ్ళీ రెండింటికి లేచి టార్చి తీసుకుని గట్టు మీద ఒక చుట్టు తిరిగొస్తున్నాడు. పెట్టె బాగానే ఉంది మామా అంటే, "ఉండనీ, నేనూ చూస్తే దానికేం పోయిందిలే" అంటాడు.